పక్కన కూర్చుని మాట్లాడుకుందాం

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పి చదువుతుంటే ఒక సంగతి కనిపించింది. రైల్లో పక్కన కూర్చునే మనుషుల గురించి ఒకరు రాశారు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని అల్లిక నేర్పడం గురించి ఒకరు, థియేటర్లో పక్క సీటు ఖాళీగా ఉండటం గురించి ఇంకొకరు రాశారు. కలల గురించి అయితే ముగ్గురు. కలలో మాత్రం మన పక్కన ఎవరికీ చోటుండదు. అందుకే కాబోలు, పొద్దున లేవగానే ఎవరో ఒకరికి చెప్పుకోవాలనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా క్రోషే, అంటే కొక్కెం ఉన్న సూదితో దారం అల్లే పని, నేర్పుతున్నదాన్ని కాబట్టి నా జవాబుల్లో దారం, సూది ఎక్కువగా తగులుతుంటాయి. నాకు మనుషులు తెలిసింది వాటి వల్లే.

ప్రశ్న: అక్కా, ఉద్యోగం కోసం వారానికి రెండుసార్లు రైల్లో వెళ్తాను. పక్కన ఎవరు కూర్చున్నా ప్రశ్నలే. ఏం చేస్తావు, ఎక్కడుంటావు, పెళ్లయిందా, జీతమెంత. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా ఆగరు. ఎవరైనా ఎక్కుతున్నారంటేనే టెన్షన్. మర్యాదగా ఎలా తప్పించుకోవాలి? అసలు తప్పించుకోవాలా?

జవాబు: నీ చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయాను చెల్లీ. అది నీ మనసులో మెదులుతోంది కాబట్టే రాశావు.

ప్రశ్నల్లో రెండు రకాలుంటాయి. నువ్వు ఎవరివో తేల్చేసుకుని నిశ్చింతగా కూర్చోవడానికి అడిగేవి కొన్ని. పెళ్లయిందా, జీతమెంత అనేవి చాలావరకు ఈ రకమే. జవాబు రాగానే అడిగినవాళ్ల ఆసక్తి కూడా అయిపోతుంది. ఇంకో రకం ప్రశ్న నీ చేతిలో ఉన్నదాన్ని చూసి పుడుతుంది. చదువుతున్న పుస్తకం, వేస్తున్న బొమ్మ, ఒళ్లో పెట్టుకున్న మొక్క, ఏదైనా కావచ్చు. ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే మాత్రం ఇయర్‌ఫోన్స్ తీసెయ్యమంటాను.

చాలా ఏళ్ల కిందట రైల్లో కిటికీ పక్కన కూర్చుని బల్ల మీద పరుచుకునే గుడ్డ ఒకటి అల్లుతున్నాను. పక్కన ఒక పెద్దాయన. అరగంట సేపు ఒక్క మాట లేదు, నా వేళ్లనే చూస్తున్నారు. నాకు ఇబ్బందిగా అనిపించి చేయి అటు తిప్పుకున్నాను. అప్పుడు అడిగారు, "ఇది కొస పట్టి లాగితే మొత్తం ఊడిపోతుందా అమ్మా?" అని. ఎవరికి అల్లుతున్నావు, ఎంతకు అమ్ముతావు అని చాలామంది అడిగారు గానీ, ఈ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు. సూది తీసేసి లాగి చూపించాను. సర్రున మూడు వరసలు ఊడొచ్చాయి. క్రోషేలో ఒక కుట్టు పూర్తయ్యాక సూది మీద మిగిలే లూపు ఒక్కటే. దాన్ని వదిలేస్తే వెనకవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి.

ఆయన తల అడ్డంగా ఊపి, మూరెడు దారం ఇమ్మన్నారు. ఎడమచేతి రెండు వేళ్లు కొలతగా పెట్టుకుని, వాటి చుట్టూ దారం తిప్పుతూ, ప్రతి మలుపు దగ్గరా ఒక ముడి బిగిస్తూ వల అల్లారు. చూస్తుండగానే ఆరు కళ్లు తయారయ్యాయి. తర్వాత మధ్యలో ఒక పోగు పళ్లతో తెంపి, రెండు చేతులా గుంజారు. తెగిన చోట ఒక్క కన్నే పెద్దదైంది. చుట్టూ ఉన్న ముడులు కదల్లేదు. "దేని ముడి దానికుండాలి. లేకపోతే ఒక్క చేప కొట్టిన దెబ్బకి వలంతా పోతుంది" అన్నారు. ఆయన దిగిపోయేదాకా ఇద్దరం ముడుల గురించే మాట్లాడుకున్నాం. నా పేరు ఆయన అడగలేదు, ఆయన పేరు నేనూ అడగలేదు. ఆ ఆరు కళ్ల వల ఇప్పటికీ నా సూదుల డబ్బాలో ఉంది.

షికాగో విశ్వవిద్యాలయంలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు రోజూ రైళ్లలో, బస్సుల్లో వెళ్లేవాళ్లతో కొన్ని ప్రయోగాలు చేసి 2014లో ప్రచురించారు. కొందరిని పక్కవాళ్లతో మాట కలపమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు. ఏది హాయిగా ఉంటుందో ముందుగా ఊహించి చెప్పమంటే జనం మౌనానికే ఓటేశారు. ప్రయాణం అయ్యాక అడిగితే, మాట్లాడినవాళ్లే ఎక్కువ హాయిగా గడిచిందన్నారు. నీ టెన్షన్‌లో కూడా సగం ఆ ముందు ఊహదే కావచ్చు.

అలాగని అన్నిటికీ జవాబు చెప్పాల్సిన పని లేదు. ఎక్కడుంటావు, ఒక్కదానివే ఉంటావా, ఏ ఆఫీసు అనేవి కొత్తవాళ్లకు చెప్పాల్సినవి కావు. "అది చెప్పనండీ" అని మామూలు గొంతుతో ఒక్కసారి అను. సారీ చెప్పకు, కారణాలు చెప్పకు. వెంటనే "మీరేం చేస్తుంటారు?" అని అడుగు. నిజంగా మాట కోసం మొహం వాచి ఉన్న మనిషైతే తన గురించి చెప్పుకుంటూ నీ జీతం సంగతి మర్చిపోతారు. మళ్లీ అదే గుచ్చి గుచ్చి అడుగుతుంటే లేచి వేరే చోటికి వెళ్లిపో. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను. లేవగానే కల మొత్తం సినిమాలా గుర్తుంటుంది. పళ్లు తోముకునేలోపు మాయం. కలలు రాసిపెట్టుకోవాలని నోట్‌బుక్ కూడా కొన్నాను. మూడు నెలల్లో రెండు పేజీలు కూడా నిండలేదు.

జవాబు: నీ జ్ఞాపకశక్తికి ఏ లోపమూ లేదు బాబూ. చాలామందికి ఇంతే.

1953లో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, నిద్రలో కొన్నిసార్లు మూసిన రెప్పల కింద కళ్లు వేగంగా కదులుతాయని ప్రకటించారు. ఆ సమయంలో లేపితే చాలామంది కల వస్తోందనే చెప్పారు. దాదాపు తొంభై నిమిషాలకు ఒకసారి ఈ దశ వస్తుంది. రాత్రి మొదట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది, తెల్లవారే కొద్దీ సాగుతుంది. అందుకే పొడుగాటి కలలు తెల్లవారుజామున వస్తాయి. అలారం మోత ఆ కల మధ్యలో నిన్ను లాగి పడేస్తుంది, చేయి ఫోన్ మీదికి పోతుంది, మెసేజ్ కనిపిస్తుంది. కలకు ఇక చోటెక్కడ?

కాబట్టి మెలకువ రాగానే కదలకు. ఏ పక్కకు తిరిగి పడుకున్నావో అలాగే ఉండి, కళ్లు తెరవకుండా, చివరి బొమ్మ ఏదో పట్టుకో. దాని ముందు ఏం జరిగింది, దాని ముందు ఏం జరిగింది అని వెనక్కి నడువు. కథ మొదటినుంచి గుర్తు తెచ్చుకోవాలని చూస్తే దొరకదు. రెండు మూడు బొమ్మలు చేతికి చిక్కాక నోట్‌బుక్ తియ్యి. వాక్యాలు వద్దు. మెట్లు, తడిసిన చొక్కా, భయం. ఇలా మాటలు చాలు. మిగతాది మధ్యాహ్నం తీరిగ్గా రాసుకోవచ్చు.

మాటలు చదవడానికి వీలుగా రాయడం కూడా ముఖ్యమే. ఒట్టో లేవీ అనే శాస్త్రవేత్తకు ఒక రాత్రి కలలో ఒక ప్రయోగం తట్టింది. నిద్రమత్తులో కాగితం మీద గీసుకుని పడుకున్నాడు. పొద్దున చూస్తే ఆ గీతలు ఆయనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి అదృష్టం కొద్దీ అదే ఆలోచన మళ్లీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్ముకోకుండా లేచి నేరుగా ప్రయోగశాలకు వెళ్లాడు. ఒక కప్ప గుండె నెమ్మదించేలా దాని నరాన్ని ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో కప్ప గుండెకు అందించాడు. అదీ నెమ్మదించింది. నరాలు రసాయనాల ద్వారా కబురు పంపుతాయని అలా తేలింది. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి రాత్రి దస్తూరి కాస్త బాగుంటే ఒక రోజు కలిసొచ్చేది.

ప్రశ్న: అక్కా, పదిహేనేళ్లుగా క్రోషే అల్లుతున్నాను. మా పదేళ్ల పాప తనకూ నేర్పమంటే సంబరపడి కూర్చోబెట్టాను. నాలుగో రోజుకే దారం విసిరేసి "నాకు రాదు" అని ఏడ్చింది. తనది ఎడమచేతి వాటం. నాకు చేతికి వస్తుంది గానీ, ఎలా చేస్తున్నానో నోటితో చెప్పలేకపోతున్నాను.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "చేతికి వస్తుంది గానీ నోటితో చెప్పలేకపోతున్నాను" అన్నారే, నేర్పే ప్రతి మనిషి కష్టమూ అదే. బాగా వచ్చినవాళ్లకే ఎక్కువ కష్టం. పదిహేనేళ్లలో మీ వేళ్లు ఆ పనిని మీ దగ్గర్నుంచి పూర్తిగా తీసేసుకున్నాయి. ఇప్పుడు మీ వేళ్లను మీరే అడిగి తెలుసుకోవాలి.

దానికి ఒక దారి ఉంది. పాపను పిలవకముందు, ఒక సాయంత్రం ఒంటరిగా కూర్చుని సూదిని ఎడమచేత్తో పట్టుకుని అల్లి చూడండి. నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు పది గొలుసు కుట్లకు ఇరవై నిమిషాలు పట్టింది, భుజాలు నొప్పెట్టాయి. కానీ అంతవరకు నాకు తెలియనిది ఒకటి తెలిసింది. సూది పట్టిన చేతిది పెద్ద పని కాదు. అసలు పని రెండో చేతిది. దారం చిటికెన వేలు చుట్టూ ఒక మెలిక తిరిగి, మధ్య వేళ్ల కిందుగా వచ్చి, చూపుడు వేలు మీదుగా సూదికి అందుతుంది. ఆ చూపుడు వేలు కొంచెం పైకి లేస్తే దారం బిగుస్తుంది, కొంచెం వంగితే వదులవుతుంది. కుట్లన్నీ ఒకే సైజులో వచ్చేది ఆ వేలి వల్లే. అన్నేళ్లుగా నేను పిల్లలకు "సూది ఇలా తిప్పు" అని మాత్రమే చెబుతున్నాను. వేలి సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే నా వేలు ఏం చేస్తోందో నాకే తెలీదు. ఎంతమంది పిల్లలు నా వల్ల "రాదు" అనుకుని వెళ్లిపోయారో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాపది ఎడమచేతి వాటం కాబట్టి పక్కన కాకుండా ఎదురుగా కూర్చోబెట్టుకోండి. మీ కుడిచేయి తనకు అద్దంలో బొమ్మలా తన ఎడమచేతికి ఎదురుగా వస్తుంది. మీరు ఎటు కదిపితే తను అటే కదిపితే సరిపోతుంది. కుడిచేతి వాటం పిల్లలనైతే పక్కనే, మీ భుజానికి తన భుజం ఆనేలా కూర్చోబెట్టుకోవాలి. చాలామంది దీన్ని తారుమారు చేస్తారు. అప్పుడు పాప మనసులోనే బొమ్మను తిరగేసుకుంటూ, చేతులతో కూడా అల్లుకోవాల్సి వస్తుంది. పదేళ్ల పిల్లకు అది చాలా బరువు. ఫోన్‌లో వీడియో చూపిస్తే దాన్ని కుడిఎడమలు తిరగేసి చూపించండి.

దారం లేత రంగుది, నున్నటిది, కొంచెం లావుది తీసుకోండి. నలుపు, ముదురు నీలం, నూగు ఊలు వద్దు, కుట్టు ఎక్కడుందో కళ్లకు దొరకదు. ఐదు మిల్లీమీటర్ల సూది బాగుంటుంది. మొదటి మూడు రోజులు ఏ వస్తువూ మొదలుపెట్టొద్దు, గొలుసు మాత్రమే అల్లించండి. మీటర్ల కొద్దీ గొలుసు. పాప దాన్ని జుట్టుకు కట్టుకుంటుంది, బొమ్మ మెడకు వేస్తుంది, తలుపుకు వేలాడదీస్తుంది. వేసుకోనివ్వండి.

తర్వాత చదరం మొదలుపెడితే అది త్రికోణంలా సన్నబడుతుంది. ఇది దాదాపు అందరికీ జరుగుతుంది. ప్రతి వరసలో చివరి కుట్టు అంచున ముడుచుకుని దాక్కుంటుంది, పిల్లలు దాన్ని చూడక వెనక్కి తిరిగిపోతారు. వరసకు ఒకటి చొప్పున పది వరసల్లో పది పోతాయి. మొదటి కుట్టుకు, చివరి కుట్టుకు వేరే రంగు దారం ముక్క తగిలించండి. ఇరవై కుట్లతో మొదలుపెడితే, ప్రతి వరస అయ్యాక ఇరవై ఉన్నాయో లేదో తననే లెక్కపెట్టమనండి.

ఇక అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఒకటుంది. పాప చేతిలోంచి తన పని లాక్కోవద్దు. "ఇటివ్వు, నేను చూపిస్తా" అని ఎంతో ప్రేమగానే అంటాం. అది తిరిగి పాప చేతికి వచ్చేసరికి అందులో మూడు కుట్లు అమ్మవి. ఇక అది తనది కాదు. మీ ఒళ్లో మీ దారం, మీ సూది పెట్టుకుని దాని మీద చూపించండి. నాకు మొదట అల్లిక నేర్పినావిడ నేను అల్లిందాన్ని అందరి ముందు పట్టుకుని ఊడదీసేవారు. ఆరు నెలలు మళ్లీ సూది ముట్టుకోలేదు నేను. ఇప్పుడు మా పిల్లల్లో ఎవరికైనా తప్పు వస్తే, నేను వేలితో చోటు చూపిస్తాను, లాగేది మాత్రం వాళ్లే. తన చేత్తో తను లాగినప్పుడు ఆ సర్రుమనే చప్పుడుకు పిల్లలు నవ్వుతారు. అదే పని ఇంకొకరు చేస్తే ఏడుస్తారు.

మాటలు తట్టకపోతే బొమ్మ గీయండి. కాగితం మడతల కళలో అకిరా యోషిజావా 1950లలో చుక్కల గీతలు, బాణం గుర్తులతో ఒక పద్ధతి తయారుచేశారు. ఇటు మడవాలంటే ఒక గీత, వెనక్కి మడవాలంటే ఇంకో గీత. ఈ రోజు భాష తెలియనివాళ్లు కూడా ఆ గుర్తులు చూసి మడిచేస్తున్నారు. మీరూ, పాపా కలిసి మీ ఇద్దరికే తెలిసే గుర్తులు కొన్ని పెట్టుకోండి. అప్పుడు ఏడుపు వచ్చినా కాగితం దాచిపెట్టుకుని మర్నాడు మళ్లీ చూసుకుంటుంది.

ప్రశ్న: అమ్మా, నాకు 72 ఏళ్లు. నా కలలు చాలావరకు నలుపు తెలుపులోనే వస్తాయి. మనవలకు చెబితే అలా ఉండదంటున్నారు. నిజంగా ఉంటుందా?

జవాబు: ఉంటుంది బాబాయి గారూ. 1942లో అమెరికాలో కాలేజీ విద్యార్థులను అడిగితే నూటికి డెబ్బై మంది దాకా కలలో రంగులు చూడటం అరుదనో, అసలు లేదనో చెప్పారు. దాదాపు అరవై ఏళ్ల తర్వాత అవే ప్రశ్నలు వేస్తే అలా చెప్పినవాళ్లు ఇరవై మంది కూడా లేరు. చిన్నప్పుడు నలుపు తెలుపు సినిమాలు, టీవీ చూసి పెరిగినవాళ్లకే ఇలాంటి కలలు ఎక్కువని 2008లో ఇవా ముర్జిన్ అనే పరిశోధకురాలు చెప్పారు. మీ మనవలను కూర్చోబెట్టి, మీరు మొదట చూసిన సినిమా ఎలా కనిపించిందో చెప్పండి. వాళ్ల కలలకు మీ కలలకు తేడా ఎక్కడ మొదలైందో వాళ్లకు అర్థమవుతుంది.

ప్రశ్న: మేడమ్, కుండలు చేయడం నేర్చుకుంటున్నాను. రాత్రి కళ్లు మూయగానే చక్రం తిరుగుతున్నట్టు, మట్టి వేళ్ల కింద జారుతున్నట్టు అనిపిస్తోంది. ఏమైనా జబ్బా?

జవాబు: కానే కాదు. అల్లిక మొదలుపెట్టిన కొత్తలో నాకు రాత్రంతా గొలుసులే కనిపించేవి. 2000లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం కొందరితో కొన్ని రోజుల పాటు టెట్రిస్ అనే, పైనుంచి పడే ముక్కలను పేర్చే కంప్యూటర్ ఆట ఆడించి, నిద్రలోకి జారుతున్నప్పుడు లేపి అడిగింది. చాలామంది ముక్కలు పడుతున్నట్టు కనిపిస్తోందన్నారు. వాళ్లలో మెదడు దెబ్బతిని కొత్త విషయాలు గుర్తుండనివాళ్లు కూడా ఉన్నారు. ఆట ఆడిన సంగతే వాళ్లకు జ్ఞాపకం లేదు, అయినా కొందరికి ముక్కలు కనిపించాయి. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. పగలు తడబడిన చేతి కోసం రాత్రి లోపల ఎవరో పనిచేస్తున్నారనిపించింది. పగలు మరీ అలసిపోయేదాకా చేయకండి, నిద్ర మాత్రం తగ్గించుకోకండి.

ప్రశ్న: అక్కా, నాకు సినిమా అంటే ప్రాణం. మా ఆవిడకు ఇష్టం ఉండదు. స్నేహితులంతా దూరమయ్యారు. ఒక్కడినే వెళ్తే టికెట్ దగ్గర "ఒక్కటేనా?" అని అడుగుతారు. ఆ మాటకే సగం ఉత్సాహం పోతుంది. ఇంట్లో ఫోన్‌లో చూసుకోవచ్చుగా అంటారు అందరూ.

జవాబు: వెళ్లు తమ్ముడూ. "ఒక్కటేనా?" అంటే "ఒక్కటే" అను. వాళ్లడిగేది లెక్క కోసం.

ఫోన్‌లో చూసుకోమనేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పు. 1894లో ఎడిసన్ సంస్థ వాళ్ల కినెటోస్కోప్ జనం ముందుకు వచ్చింది. అదొక పెట్టె. పైన ఒక రంధ్రం. ఒక్కొక్కరు వంగి, కన్ను ఆనించి, లోపల కదిలే బొమ్మ చూసుకుని వెళ్లిపోవాలి. ఆ మరుసటి ఏడాది, 1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు ఒక గదిలో తెర కట్టి, కుర్చీలు వేసి, టికెట్టు పెట్టి పది చిన్న చిత్రాలు వేశారు. ఆ రోజు వచ్చిన జనం ముప్పై మూడు మంది. ఒక్కో చిత్రం నిమిషం కూడా లేదు. పెట్టెలోనూ కదిలే బొమ్మే, తెర మీదా కదిలే బొమ్మే. కానీ జనం పెట్టెను వదిలేసి తెర దగ్గరికే వచ్చారు. ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి చూడటంలో ఏదో ఉంది.

నువ్వు ఒక్కడివే వెళ్లినా ఒక్కడివే చూడవు. ఇది నేను నమ్మి చెబుతున్నాను. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఆట చూశాను. హాల్లో పాతికమంది లేరు. ఒక సన్నివేశంలో ముసలి తండ్రి కొడుకు చొక్కా గుండీ పెడుతుంటాడు, వేళ్లు వణికి కన్నంలో పట్టదు. మాటల్లేవు, సంగీతం లేదు. నా వెనక వరసలో ఎవరో ఊపిరి బిగబట్టారు. గుండీ పట్టాక ఆ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. నేనూ బిగబట్టానని అప్పుడు తెలిసింది. లైట్లు వెలిగాక వెనక్కి తిరిగి చూశాను. ఒక కుర్రాడు, నీలాగే ఒక్కడే. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ సినిమానే ఇంట్లో చూసి ఉంటే ఆ గుండీ దగ్గర నేను ఫోన్‌లో టైమ్ చూసుకునేదాన్నేమో.

ఇంకో మాట. రీలు తిరిగే రోజుల్లో సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు వేసేవారు. ఒక బొమ్మ పోయి ఇంకోటి వచ్చేలోపు ప్రొజెక్టర్‌లో తిరిగే రెక్క వెలుగుకు అడ్డుపడి తెర చీకటయ్యేది. ఆట మొత్తంలో దాదాపు సగం సేపు జనం చూసింది చీకటినే. ఆ చీకట్లను పూడ్చి కదలికగా మార్చుకున్నది చూసేవాళ్లే. సినిమా చూడటం ఊరికే కూర్చోవడం కాదని ఎవరైనా అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఇదే.

ఉత్సాహం పోకుండా ఉండాలంటే మొదట్లో జనం పల్చగా ఉండే ఆటకు వెళ్లు. అయ్యాక వెంటనే ఇంటికి పోకు, కాస్త దూరం నడువు. ఇంటికొచ్చాక మీ ఆవిడకు కథంతా చెప్పకు, నీకు నచ్చిన ఒక్క సన్నివేశం చెప్పు. సినిమా ఇష్టం లేనివాళ్లకు కూడా నువ్వు చెప్పే ఆ ఒక్క సన్నివేశం ఇష్టమవుతుంది.

ప్రశ్న: అమ్మా, మావారికి మూడేళ్లుగా చూపు బాగా తగ్గింది. ఇప్పుడు వెలుగు, నీడ తప్ప తెలియడం లేదు. అయినా థియేటర్‌కు వెళ్దామంటారు. పక్కన కూర్చుని చెవిలో చెబుతుంటే, ముందు వరసవాళ్లు ష్ అంటారు. పోయినసారి ఆయనే "పద, పోదాం" అని సగంలో లేచేశారు. ఇక తీసుకెళ్లొద్దంటారా?

జవాబు: తీసుకెళ్లండమ్మా. తప్పకుండా తీసుకెళ్లండి.

కొన్ని థియేటర్లలో, కొన్ని సినిమాలకు దృశ్యాన్ని మాటల్లో చెప్పే సౌండ్ ట్రాక్ ఉంటుంది, ఇయర్‌ఫోన్‌లో వినొచ్చు. ముందుగా అడిగి చూడండి. అది లేనిచోట మీరే ఆ ట్రాక్. చివరి వరసలో మూల సీట్లు తీసుకోండి. ఆట మొదలయ్యే ముందే చుట్టుపక్కలవాళ్లతో "మావారికి చూపు లేదు, నెమ్మదిగా చెబుతుంటాను" అని ఒక మాట అనండి. ష్ అనేవాళ్లలో చాలామందికి సంగతి తెలియక అంటారు. తెలిస్తే వాళ్లే కాస్త జరిగి కూర్చుంటారు.

మీకు జవాబు రాయడానికి ముందు నేను ఒక పని చేశాను. మా చెల్లెల్ని వెంట తీసుకుని సినిమాకు వెళ్లి, కళ్లకు చున్నీ కట్టుకుని కూర్చున్నాను, తనను చెప్పమన్నాను. మొదటి పావుగంట నరకంలా ఉంది. తను "అయ్యో, పాపం ఆమెకు ఎంత బాధో" అంటోంది. ఆ బాధ నాకు అందడం లేదు. "వాడు చాలా దుర్మార్గుడు" అంటోంది. ఏం చేస్తున్నాడో చెప్పడం లేదు. చివరికి తన చేయి నొక్కి, నీకేమనిపించిందో వద్దు, ఏం కనిపిస్తోందో చెప్పు అన్నాను. అప్పుడు చెప్పింది, "ఉత్తరం తీసింది. చదవలేదు. మళ్లీ నాలుగు మడతలు పెట్టింది" అని. నా గొంతు పట్టేసింది.

కాబట్టి అర్థం చెప్పకండి, కనిపించేది చెప్పండి. మాటలు నడుస్తున్నప్పుడు ఆగండి, ఆయన వినగలరు కదా. మాటల మధ్య ఖాళీలో మూడు నాలుగు పదాలు చాలు. కొత్త మనిషి వస్తే ఎవరో చెప్పండి. చోటు మారితే చెప్పండి. అందరూ నవ్వారంటే ఎందుకో వెంటనే చెప్పండి. నలుగురూ నవ్వుతుంటే కారణం తెలియకుండా కూర్చోవడం చాలా కష్టమని ఆ రోజు నాకు తెలిసింది. ఏమీ కదలని చోట ఊరుకోండి. ఆ నిశ్శబ్దం కూడా ఆయనదే.

ఈసారి వెళ్లొచ్చాక మళ్లీ ఉత్తరం రాయండి. లైట్లు ఆరగానే ఆయన చెవిలో మొదట ఏం చెప్పారో నాకు తెలుసుకోవాలనుంది.